తన్ను తగిలేసరికి తూటా వెళ్లిపోతుంది

(విజయనగరంలో ఎన్.సి.సి. క్యాడెట్ల శిబిరంలో, ఫైరింగుకు ముందురోజు సాయంత్రం ఒక విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం. చివర్లో ఒక క్యాడెట్ అడిగిన ప్రశ్న, దాని జవాబు కూడా ఉన్నాయి.)

పిల్లలకూ, వారిని తీసుకువచ్చిన అధ్యాపకులకూ నమస్కారం.

రేపు ఉదయం మీలో చాలామంది మొదటిసారి తుపాకీ పేల్చబోతున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ మధ్య తిరిగాను. నాలుగు వరుసల్లో ఒకే మాట వినిపించింది. "భుజం పట్టేస్తుందట, ఎముక విరుగుతుందట" అని. ఒక అబ్బాయి పక్కనున్న అమ్మాయితో "నువ్వైతే వెనక్కి ఎగిరి పడతావు" అన్నాడు. ఆ అమ్మాయి ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది. అక్కడ నేనేమీ అనలేదు. ఇప్పుడు చెబుతున్నదంతా ఆ అమ్మాయి కోసమే అనుకోండి. ఆ అబ్బాయికి కూడా పనికొస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటల మధ్య ఊరు. 1986లో సైన్యంలో చేరాను. అప్పట్లో సిపాయి చేతికి ఇచ్చేది 7.62 మిల్లీమీటర్ల సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, అందరూ ఎస్.ఎల్.ఆర్. అనేవారు. నాలుగు కిలోల పైచిలుకు బరువు. మొదటి ఫైరింగు రోజున భయంతో దాన్ని భుజానికి ఆనీ ఆననట్టు పట్టుకున్నాను. మడమ, అంటే భుజానికి ఆనించే తుపాకీ వెనక చివర, సరిగ్గా భుజం ఎముక కొన మీద ఉంది. పది తూటాలు కాల్చాను. సాయంత్రం టీ మగ్గు ఎత్తడానికి ఎడమ చేయి సాయం కావలసి వచ్చింది. మర్నాడు చొక్కా విప్పి చూసుకుంటే భుజం మీద అరచేయంత మేర నేరేడు పండు రంగు. పక్క మంచం మీది సీనియర్ చూసి "మగవాడివి కాదా, ఇంత దానికేనా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా నోరు మూతపడింది. ఎవరికీ చెప్పలేదు. తరువాతి ఫైరింగుకు చేతి తువ్వాలు మడతపెట్టి చొక్కా లోపల దాచుకుని వెళ్లాను. మూడోసారికి అయిదు తూటాల్లో ఒకటే లక్ష్యం మీద పడింది.

మాకు ఫైరింగు నేర్పే ఉస్తాద్ తిట్టలేదు. నా రైఫిల్ తీసుకుని అటు తిరిగి, నాకు కనిపించకుండా మ్యాగజైన్ నింపి తెచ్చి ఇచ్చాడు. అందులో అసలు తూటాల మధ్య పేలని డమ్మీ తూటాలు కలిపాడని నాకు తెలియదు. మొదటిది పేలింది. రెండోసారి మీట నొక్కాను. 'టక్' మని చప్పుడు, అంతే. పేలలేదు, తన్నలేదు. కానీ ఆ నిశ్శబ్దంలో నా తుపాకీ మూతి జానెడు కిందికి దిగిపోయింది. భుజం ముందుకు పొడుచుకు వచ్చింది, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఉస్తాద్ నా పక్కన చతికిలబడి ఒకే ప్రశ్న వేశాడు: "ఇప్పుడు నిన్ను ఎవరు తన్నారు?"

ఆ ప్రశ్న నాకు ముప్పై ఏళ్ల పాటు అన్నం పెట్టింది. తరువాత నేనే ఉస్తాద్‌నయ్యాను. వందలమంది కుర్రవాళ్లకు అదే ప్రశ్న వేశాను.

తుపాకీ తన్నడాన్ని రీకాయిల్ అంటారు. దానికి ముందే మన ఒళ్లు ముడుచుకోవడాన్ని నేను ఉలుకు అంటాను. ఈ రెండింటినీ విడదీసి చూడండి. గురి తప్పించేది ఉలుకు.

ఎలాగో లెక్కలో చూపిస్తాను. ఎస్.ఎల్.ఆర్. తూటా గొట్టం దాటడానికి పట్టేది సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. ఆ కాస్త సమయంలో రైఫిల్ వెనక్కి జరిగేది ఒకటి రెండు మిల్లీమీటర్లు. మిగతా తన్నంతా తూటా బయటపడ్డాకే మీ భుజానికి చేరుతుంది. ఒక దెబ్బ తగిలిందని మనిషి గ్రహించి కదలడానికి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. ఆ తూటా సెకనుకు 840 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. మీ ఒళ్లు ఉలిక్కిపడే సమయానికి అది వంద మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని దాటిపోయి ఉంటుంది. ఒకసారి ఆలోచించండి. తగిలిన తన్ను వల్ల గురి తప్పే అవకాశం దాదాపు లేదు. తగలబోయే తన్ను కోసం ముందే కళ్లు మూసుకుంటే మాత్రం తప్పక తప్పుతుంది. పట్టు ఒకసారి ఒకలా, మరోసారి మరోలా ఉంటే ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల కదలికలోనూ తేడా వస్తుంది, నిజమే. కానీ కొత్తగా నేర్చుకునేవారి గుళ్లు చెల్లాచెదురు కావడానికి అది పెద్ద కారణం కాదు.

ఈ తన్ను ఎక్కడి నుంచి వస్తుంది? సముద్రం ఒడ్డున భావనపాడు వైపు పిల్లలు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్లకు చెప్పక్కరలేదు. తెప్ప మీద నుంచి ఒడ్డుకు దూకితే తెప్ప వెనక్కి పోతుంది. అదే పెద్ద పడవ మీద నుంచి దూకితే పడవ కదిలీ కదలనట్టు ఉంటుంది. మీ దూకుడు రెండుసార్లూ ఒకటే, బరువులో తేడా. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం అని మీ బడిలోనో ఇంటర్‌లోనో చదువుకున్నది ఇదే. తూటా ముందుకు ఎంత ద్రవ్యవేగంతో వెళితే తుపాకీకి అంతే వెనక్కి వస్తుంది. ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. ముందుకు వెళ్లేది తూటా ఒక్కటే కాదు. దాని వెనక కాలిన మందు వాయువుగా మారి తూటా కంటే ఎక్కువ వేగంతో మూతిలోంచి చిమ్ముతుంది. పెద్ద రైఫిల్‌లో తన్నులో సుమారు మూడో వంతు ఆ వాయువుదే. అందుకే కొన్ని రైఫిళ్ల మూతికి రంధ్రాలున్న బ్రేకు బిగించి ఆ వాయువును పక్కలకు మళ్లిస్తారు. తన్ను తగ్గుతుంది. కానీ పక్కనున్నవాడి చెవికి ఆ మోత మరింత కరకుగా తగులుతుంది.

ఇప్పుడు అంకెలు రాసుకోండి. ఇవి నేను తూటా బరువు, వేగం, మందు బరువు, తుపాకీ బరువు తీసుకుని వేసిన లెక్కలు. రేపు మీకు ఇచ్చే .22 రైఫిల్‌లో తూటా బరువు రెండున్నర గ్రాములు. దాని తన్ను, శక్తిని కొలిచే జౌల్స్‌లో చెప్పాలంటే, పావు జౌల్ కూడా ఉండదు. మరోసారి చెబుతున్నాను, పావు జౌల్ కూడా కాదు. భుజం మీద స్నేహితుడు చేయి వేసినట్టు ఉంటుంది. 5.56 ఇన్సాస్ రైఫిల్ సుమారు 5 జౌల్స్. నన్ను నేరేడు పండు చేసిన ఎస్.ఎల్.ఆర్. 15, 16 దగ్గర. పాత .303 దానికి కొంచెం పైన. ఇక 12 బోరు తుపాకీలో 32 గ్రాముల గుళ్లున్న తూటా వేసి, తుపాకీ బరువు మూడు కిలోల పైన కాస్తే ఉంటే, 30 జౌల్స్‌కు చేరుతుంది. పెద్దవాళ్లు గాడిద తన్ను అనేది దాన్నే. 12 బోరు అంటే ఏమిటో కూడా తెలుసుకోండి. గొట్టం లోపలి వ్యాసానికి సరిపడే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌండు తూగుతాయి. అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. అందుకే 20 బోరు తుపాకీ 12 బోరు కంటే చిన్నది.

ఇదే తన్ను ఒకరికి ఎక్కువగా, మరొకరికి తక్కువగా ఎందుకు అనిపిస్తుంది? అసలు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే. క్రికెట్‌లో బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతారు. లాగకపోతే అరచేయి మండుతుంది. బంతి అదే, వేగం అదే. ఆగడానికి తీసుకున్న సమయం మారింది. మడమకు రబ్బరు ప్యాడ్ ఉంటే తన్ను మొత్తం తగ్గదు, కానీ కాస్త సాగి నెమ్మదిగా అందుతుంది. గ్యాస్‌తో పనిచేసే ఆటోమేటిక్ తుపాకీ మెత్తగా అనిపించడానికి కూడా చాలావరకు కారణం ఇదే. రెండోది వైశాల్యం. వేలితో పొడిస్తే నొప్పి, అరచేతితో నెడితే నెట్టుడు. మడమ మొత్తం భుజానికి ఆనితే నెట్టుడు అవుతుంది, దాని మొన ఒక్కటే ఎముకకు ఆనితే పొడుపు. నా భుజం మీద నేరేడు పండు పూసింది పొడుపు వల్లే.

(ఒక క్యాడెట్‌ను వేదిక మీదికి పిలిచి, డ్రిల్ రైఫిల్ చేతికి ఇచ్చి)

రా బాబూ. ముందు ఖాళీ ఉందా లేదా చూడు. డ్రిల్ రైఫిలే అయినా చూడాలి. మూతి అటు, గోడ వైపు. ఇప్పుడు కుడి మోచేయి కొంచెం పైకెత్తు. అందరూ మీ ఎడమ చేతి వేళ్లతో మీ కుడి కాలర్ ఎముక కింద తడమండి. మోచేయి ఎత్తినప్పుడు అక్కడ ఒక గుంట ఏర్పడుతుంది. పైన ఎముక, పక్కన భుజం కీలు, మధ్యలో కండ. మడమ ఇల్లు అదే. బయటి వైపు, చేయి మీదికి జారిందా, దెబ్బ కీలుకు. పైకి జారిందా, ఎముకకు. ఇప్పుడు నువ్వు తుపాకీని గుంటలోకి లాక్కో. బలంగా పిసకవద్దు, చేయి వణుకుతుంది. కావలించుకున్నట్టు. సందు ఉండకూడదు. సందు ఉంటే తుపాకీ ఆ సందులో వేగం అందుకుని వచ్చి గుద్దుతుంది. సందు లేకపోతే నువ్వూ తుపాకీ కలిసి ఒకే బరువు. తెప్ప కాస్తా పడవ అయిందన్నమాట.

చెంప చూడండి. తల పైకెత్తి గాలిలో పెట్టాడు. తన్నినప్పుడు మడమ పట్టీ వచ్చి దవడ ఎముకను కొడుతుంది. చెంపను ముందే దాని మీద ఆనించి ఉంచు. అది కదిలితే నీ తల కూడా దానితో కదలాలి. మెడ చాచి తలను ముందుకు తోయవద్దు, తుపాకీనే ముఖం దగ్గరకు తెచ్చుకో. ముక్కుకూ బొటనవేలికీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. లేకపోతే నీ బొటనవేలే నీ ముక్కును కొడుతుంది. టెలిస్కోపు బిగించిన రైఫిల్ అయితే కంటికీ దానికీ మధ్య ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు వదలాలి. కనుబొమ మీద అర్ధచంద్రాకారపు మచ్చ ఉన్న షూటర్లను నేను చాలామందిని చూశాను.

ఇక నిలబడటం. చాలామంది భయంతో నడుము దగ్గర వెనక్కి వాలతారు. ఇదిగో, ఇతను కూడా. బురదలో దిగబడిన ఎడ్లబండిని తోసేటప్పుడు ఎలా నిలబడతారు? ఎడమ కాలు ముందుకు, మోకాలు కాస్త వంచి, ఒంటి బరువు ముందుకాలి మీద. అలా. కట్టెలా బిగుసుకోవద్దు, వచ్చిన తన్నుతో ఒళ్లు ఊగి తిరిగి రావాలి. మీ ఊరిలో కొబ్బరిచెట్టు గాలికి ఊగినట్టు. సరే బాబూ, వెళ్లి కూర్చో. బాగా పట్టుకున్నావు.

రేపు మీరు పడుకుని కాలుస్తారు. పడుకున్నప్పుడు ఒళ్లు ఊగడానికి వీలుండదు కాబట్టి పెద్ద రైఫిల్‌తో అదే తన్ను ఎక్కువగా అనిపిస్తుంది. బల్ల మీద ఇసుక సంచులు పెట్టి కూర్చుని కాల్చేటప్పుడు మరీ ఎక్కువ. .22తో ఆ బాధ లేదు. కానీ అలవాటు ఇప్పుడే పడాలి.

కొలత గురించి ఒక మాట, ముఖ్యంగా అమ్మాయిలకు. చాలా తుపాకుల మడమ పొడవు సగటు మగవాడి చేతిని దృష్టిలో పెట్టుకుని చేసినదే. మీటకూ మడమ చివరకూ మధ్య దాదాపు 36 సెంటీమీటర్లు. చేతులు పొట్టిగా ఉన్నవారు దాన్ని పట్టుకోవాలంటే వెనక్కి వాలాలి, మడమను భుజం బయటికి జరపాలి. రెండూ దెబ్బ తినే పద్ధతులే. అప్పుడు అందరూ "ఆడపిల్ల కదా, తట్టుకోలేదు" అంటారు. తట్టుకోలేకపోయింది పిల్ల కాదు, కొలత కుదరలేదు. చెప్పులు కరిస్తే కాలిని తప్పుపట్టం కదా. మడమ కింది మొన ఛాతీలోకి గుచ్చుకుంటున్నా, పొడవు ఎక్కువైనా నోరు తెరిచి చెప్పండి. క్రీడల తుపాకుల్లో మడమను కోసి పొట్టి చేయవచ్చు, దాని వాలును మార్చవచ్చు. సర్కారు రైఫిల్‌ను కోయలేం. కానీ పడుకునే కోణం, మోచేతులు ఆనించే చోటు మారిస్తే చాలా తేడా వస్తుంది. మన ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆవిడ ఎత్తేటప్పుడు వీడియోలో కాళ్లు, నడుము, మోచేతులు ఏ వరుసలోకి వస్తున్నాయో చూడండి. కండ ఉండాలి, కాదనను. ఆ కండకు ఎముకల వరుస దారి ఇవ్వాలి.

చెవి సంగతి చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినవాడినవుతాను. ఉలుకులో సగం భుజం నుంచి రాదు, చెవి నుంచి వస్తుంది. రైఫిల్ మోత షూటర్ చెవి దగ్గర 150 డెసిబెల్స్ దాటుతుంది. ఒళ్లు ముడుచుకునేది చాలావరకు ఆ పేలుడుకు. అదే తుపాకీ, చెవులు బాగా మూసుకుని కాలిస్తే "ఈసారి మెల్లగా తన్నింది" అంటారు. తన్ను మారలేదు, మోత తగ్గింది. మా కాలంలో చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం, అది కూడా అందరికీ కాదు. దూది దాన్ని ఆపదు. నా ఎడమ చెవిలో పగలూ రాత్రీ కీచురాళ్ల రొద. కుడి చేతివాటం వాళ్లకు ఎడమ చెవి తుపాకీ మూతి వైపు తిరిగి ఉంటుంది, కుడి చెవికి తల నీడ అడ్డం. నా మనవరాలు ఎడమ పక్క కూర్చుని రహస్యం చెబితే నాకు వినిపించదు. రేపు ఎవరూ చెవుల్లో ప్లగ్గులు లేకుండా రేంజ్‌లో అడుగుపెట్టవద్దు. పెద్ద తుపాకుల దగ్గర ప్లగ్గుల మీద చెవులను కప్పే మఫ్ కూడా పెట్టుకోండి.

ఉలుకు ఇప్పటికే పట్టుకున్నవారు ఏం చేయాలి? ఎక్కువ తూటాలు కాల్చి ధైర్యం తెచ్చుకుందామనుకోవద్దు. నొప్పి మీద నొప్పి పడితే ఉలుకు ఇంకా లోతుకు దిగుతుంది. వెనక్కి రండి. .22కి రండి, లేదా ఎయిర్ రైఫిల్‌కు. ఖాళీ రైఫిల్‌తో, ఉస్తాద్ ఎదుట, తూటాలు ఆ గదిలోనే లేకుండా, గొట్టం చివర రూపాయి బిళ్ల నిలబెట్టి మీట నొక్కండి. బిళ్ల పడకూడదు. మొదటి రోజు పదింటికి పదిసార్లూ పడుతుంది. వారం గడిచేసరికి వేలు ఒక్కటే కదిలి ఒళ్లు కదలకపోవడం ఎలా ఉంటుందో మీకు తెలుస్తుంది. తరువాత డమ్మీ తూటాల పరీక్ష. నింపేది మీరు కాదు, మీ స్నేహితుడు. ఎప్పుడు పేలుతుందో తెలియనప్పుడు మనసు ఎదురుచూడటం మానేస్తుంది. డమ్మీ వచ్చినప్పుడు మూతి కదలకపోతే ఆ రోజుకు ఆపేయండి. అలసిన భుజం పాత ఉలుకును మళ్లీ పిలుచుకొస్తుంది.

గాలిలోకి ఎగరేసిన మట్టి పళ్లాలను కాల్చే ఒలింపిక్ ట్రాప్ పోటీలో క్వాలిఫికేషన్‌కే 125 పళ్లాలు. ఒక్కో పళ్లానికి రెండో తూటా కూడా కాల్చవచ్చు. వాళ్లు ఎలా తట్టుకుంటున్నారు? గుళ్ల బరువు 24 గ్రాములు మించకూడదని నియమం ఉంది. తుపాకీ బరువైనది, వాళ్ల ఒంటి కొలతకు చెక్కినది. 2004లో ఏథెన్స్‌లో డబుల్ ట్రాప్‌లో మనకు రజతం తెచ్చిన రాజ్యవర్ధన్ సింగ్ రాథోర్ కూడా అప్పట్లో సైనికుడే. ప్రపంచంలో మేటి షూటర్లు తేలిక తూటా, బరువు తుపాకీ, మెత్తటి ప్యాడ్, రెండు చెవులకూ కప్పు వాడుతుంటే, కొత్తగా నేర్చుకునే పిల్లలు నొప్పి ఓర్చుకుని నిరూపించుకోవాలని చెప్పేవాడి మాట మీరెందుకు వినాలి?

నొప్పి వస్తే ఆ రోజే చెప్పండి. కమిలితే చూపించండి. చేయి తిమ్మిరెక్కినా, మోచేతి దాకా జివ్వుమన్నా డాక్టరు దగ్గరకు వెళ్లండి. తువ్వాలు దాచుకోవద్దు. నేను దాచుకుని మూడు నెలలు పోగొట్టుకున్నాను.

ఇంక ఎవరికైనా ఏమైనా అడగాలని ఉంటే అడగండి.

(చీపురుపల్లి నుంచి వచ్చిన ఒక క్యాడెట్ లేచి: "సార్, నా బరువు 42 కిలోలు. ఇన్సాస్ కాదు, రేపెప్పుడైనా పెద్ద తుపాకీ ఇస్తే నిజంగా వెనక్కి పడిపోతానా?")

మంచి ప్రశ్న, తల్లీ. నువ్వు భోజనాల దగ్గర ఉన్న అమ్మాయివేనా? అవునా. సరే, లెక్క వేద్దాం. ఎస్.ఎల్.ఆర్. తన్నులోని ద్రవ్యవేగం మొత్తం సుమారు 12, కిలోగ్రాములను మీటర్ల వేగంతో గుణిస్తే వచ్చే అంకె. నువ్వూ తుపాకీ కలిపి 46 కిలోలు. పన్నెండును నలభై ఆరుతో భాగించు. పావు వంతు మీటరు పైన కాస్త. అంటే అది నీకు ఇవ్వగలిగే వేగం సెకనుకు జానెడు పైన కొంచెం. మనం మామూలుగా నడిచే వేగంలో అయిదో వంతు. దానితో నిలబడ్డ మనిషి పడడు. వెనక్కి వాలి, కాలి మడమల మీద నిలబడితే మాత్రం నేను కూడా తూలుతాను. నేను 80 కిలోలు. చాలాసార్లు నీలాంటి తేలికైన వాళ్లు తన్నుతో కలిసి ఊగిపోతారు, బరువైన మనిషి గోడలా నిలబడి మొత్తం దెబ్బ భుజంలోనే తింటాడు.

అయితే ఒకటి. పెద్ద తుపాకీ నీ చేతికి వచ్చినప్పుడు మొదటి రోజు మూడు తూటాలకు ఒక్కటి కూడా ఎక్కువ కాల్చకు. ఎవరేమన్నా సరే.

రేపు ఆరింటికి నువ్వు మొదటి వరుసలో ఉండు. నురగ ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపల పెట్టి అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. ఊరికే గుచ్చి వదిలేస్తే బయటికి వచ్చేస్తుంది. ఎలాగో రేపు నీ చెవి దగ్గరే అందరికీ చూపిస్తాను.